డాక్టరమ్మ కారూ, నిదానం మేస్త్రీ

మా వీధి చివర, కలప అడితిని ఆనుకుని, ఒక రేకుల షెడ్డు ఉంది. జనం ఎప్పుడో వాడి వదిలేసిన పాత కార్లను విప్పి, అతికి, రంగేసి మళ్లీ రోడ్డెక్కించే షెడ్డు అది. దాని మేస్త్రిని అందరూ నిదానం అంటారు. కాగితాల మీద ఉండే పేరు ఆయనకే ఠక్కున గుర్తురాదు. ఎవరు కారు కిందకి తల పెట్టబోయినా "నిదానం, నిదానం" అని కేకేస్తాడు గనక పాతికేళ్ల కిందటే ఆ మాట ఆయనకు అతుక్కుపోయింది. ఇప్పుడు యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. మోకాళ్లు మాత్రం లావు. జన్మంతా గచ్చు మీద మోకాళ్లూని పనిచేసేవాళ్లకు అలాగే అవుతాయి.

షెడ్డు వేసినప్పుడు ఆయన చేసిన మొదటి పని నేల పోయించడం. పనిముట్లు కొనకముందే, తలుపులు పెట్టకముందే, జానెడు మందాన సిమెంటు పోయించాడు. పాత బేరింగులోంచి తీసిన ఉక్కుగోలీని నాలుగు మూలలా పెట్టి చూశాడు. గోలీ దొర్లిన చోటల్లా మళ్లీ చెక్కించాడు. తాపీవాళ్లకు తిక్కరేగింది. "ఏం మేస్త్రీ, ఇక్కడ కార్లు బాగుచేస్తావా, గోలీలాడతావా?" అని ఎకసెక్కాలాడారు. ఆయన పట్టించుకోలేదు.

కారు ఎత్తడం ఆయనకు పెద్ద తతంగం. నేల మీద మిగిలే చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. జాకీ తలకూ బండికీ మధ్య ఓ కర్రముక్క ఉండాలి. జాకీ బండి ఎముక కింద పడాలి గానీ చర్మం కింద కాదు, అంటే గట్టి ఇరుసు కిందో, అడ్డదూలం కిందో పడాలి తప్ప రేకు కింద పడకూడదు. లేచిన వెంటనే ఇనప స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకి దించెయ్యాలి. "జాకీ ఎత్తడానికేరా, మొయ్యడానికి కాదు" అంటాడు. ఊడదీసిన చక్రాలను గోడకి ఆనించకుండా బండి కిందే పడుకోబెడతాడు, ఖర్మ కాలి బండి జారినా వాటి మీద ఆగుతుందని. చివరికి తన భుజం ఆనించి బండిని గట్టిగా ఊపి చూస్తాడు. అది కదలకపోతేనే లోపలికి తల పెట్టనిస్తాడు. ఎవరైనా ఆ స్టాండు మీద కూర్చుని టీ తాగితే మాత్రం ఆయన నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను.

ఈ భయం ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన వేరే షెడ్డులో పని నేర్చుకునేవాడు. అక్కడి పెద్ద మేస్త్రి కార్లను ఇటుకల దొంతుల మీద నిలబెట్టేవాడు. ఒక మధ్యాహ్నం పెద్ద మేస్త్రి కారు కింద వెల్లకిలా పడుకుని ఉండగా ఆఫీసు గదిలో ఫోను మోగింది. తిట్టుకుంటూ బయటికొచ్చి, చేతులు తుడుచుకుని ఫోనెత్తాడు. అంతలో వెనక దొంతిలో ఒక ఇటుక పటుక్కున పగిలింది. రెండో ఇటుక పిండైపోయింది. ఇంతకుముందు ఆ మనిషి ఛాతీ ఉన్నచోటికి కారు దబ్బున దిగింది. ఫోను చేసినవాడు ఎవరో బట్టల కొట్టు అనుకుని చేశాడు. రాంగ్ నంబరు. పెద్ద మేస్త్రి చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడట, అవతల ఎవరూ లేకపోయినా.

నిదానం భార్య పెద్దాసుపత్రిలో ఆయా. ముప్పై ఏళ్లుగా వార్డులో రోగుల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తడమే ఆమె పని. సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరి, ఎదురెదురు కుర్చీల్లో కూలబడి, చెరో నడుమూ పట్టుకుని కూర్చుంటారు. "నీ బండ్లు నయం. ఎత్తేటప్పుడు మూలగవు" అంటుంది ఆమె. "నీ రోగులు నయం. ఎక్కడ పట్టుకోవాలో చెబుతారు" అంటాడు ఆయన. పిల్లల్లేరు. ఆమె తమ్ముడే ఉన్నాడు, ఈయనకి బావమరిది. షెడ్డులో టింకరింగు పని వాడిదే. సొట్టలు తీయడం, తుప్పు కోసేసి కొత్త రేకు అతకడం వాడి చేతిలో విద్య. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. నోరు ఆగదు, చెయ్యీ ఆగదు. బావ నిదానం చూస్తే వాడికి ప్రాణం విసిగిపోతుంది.

డాక్టరమ్మ షెడ్డుకి వచ్చింది ఒక సోమవారం. డెబ్బై రెండేళ్ల మనిషి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల కాన్పులన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. గుండ్రటి ముక్కు, మీగడరంగు ఉన్న చిన్న కారు ఒకటి తనే నడుపుకుంటూ ఇంటింటికీ వెళ్లేది. ఆ కారు చప్పుడు వినపడితే నొప్పులు సగం తగ్గేవని మా అమ్మ చెబుతుండేది. ఆ కారు పద్నాలుగేళ్లుగా ఆవిడ ఇంటి వెనక కొట్టంలో ఇటుకల మీద ఉంది.

"నేను మళ్లీ నడపాలి" అంది ఆవిడ కూర్చోకుండానే.

"చూస్తానమ్మగారూ. ఏడాది పట్టొచ్చు."

"ఎడమ కన్ను మసకబారుతోంది. మహా అయితే రెండేళ్లు అన్నారు. ఆ లోపల కానివ్వు."

బండి ఇటుకల మీద ఉందని ఆవిడ చెప్పగానే నిదానానికి నోరు చేదైంది. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకుని, అడితిలోంచి రైలుపట్టాల కింద వేసేలాంటి దుంగలు ఎరువు తీసుకుని వెళ్లాడు. కొట్టంలో మట్టి నేల. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతున్నాయి. ఇటుక దొంతులు తలుపుల కింద ఉండే రేకు పట్టీలకు ఆనించి ఉన్నాయి. బావమరిది వంగి ఆ పట్టీని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగబడింది.

"లోపలంతా లప్పమే బావా" అన్నాడు నవ్వుతూ. "తుప్పు మీద లప్పం పెట్టి, దాని మీద రంగేశారు. ఈ బండి రంగు మీద నిలబడి ఉంది."

"చెయ్యి తియ్యి ముందు" అన్నాడు నిదానం.

ఆ రోజంతా ఆ ఒక్క పనికే సరిపోయింది. ముందు దొంతుల పక్కనే దుంగలు అడ్డంగా, నిలువుగా పేర్చి, రేకుకి వేలెడు దూరంలో ఆపారు, ఇటుక పగిలితే బండి వాటి మీద కూర్చునేలా. మట్టిలో దిగబడకుండా జాకీ కింద మందపాటి ఇనప పలక వేశారు. వెనక ఇరుసు మధ్యలో జాకీ ఆనించి, నిదానం పిడిని ఒక్కసారి కొట్టి ఆగేవాడు. నాలుగు వైపులా తిరిగి చూసేవాడు. మళ్లీ ఒక్కసారి కొట్టేవాడు. డాక్టరమ్మ కుర్చీ తెప్పించుకుని గుమ్మంలో కూర్చుంది. కొంతసేపు పేపరు చదివింది, కొంతసేపు కునికింది. సాయంత్రానికి నాలుగు చక్రాలకూ గాలి నింపి నేల మీద నిలబెట్టారు.

"ఇంతసేపట్లో నేను కవలల్ని రెండు జతలు తీసేదాన్ని" అంది ఆవిడ లేస్తూ.

"నిజమేనమ్మగారూ. కానీ మీ పని కిందకి దించడం. మాది పైకి ఎత్తడం."

ఆవిడ ఇంత నోరు తెరిచి నవ్వింది. నిదానానికి నవ్వే ఓపిక లేదు. దుంగలు మళ్లీ అడితిలో అప్పజెప్పాలి.

షెడ్డులో కారుని నాలుగు స్టాండ్ల మీదకి ఎత్తారు. కుళ్లిన పట్టీలు కోసేస్తే బండి మధ్యలో వంగిపోతుంది గనక, ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనప గొట్టాలు అతికారు. తర్వాత బావమరిది రోజూ కొంచెం కోయడం, కొంచెం అతకడం. ఇంజనూ గేరుబాక్సూ దించేసి మూల పెట్టారు. ముందు చక్రాల పని నిదానం చేతికి తీసుకున్నాడు. రెండు నెలలు అలా సాఫీగానే నడిచింది.

అప్పుడే భార్య నడుము పోయింది.

వార్డులో భారీ మనిషి ఒకాయన స్నానాలగదిలో కాలు జారి పడబోతే ఈమె పట్టుకుంది. ఆయన్ని పడనివ్వలేదు. ఆయన బరువంతా తన మీదేసుకుని మెల్లగా నేల మీద కూర్చోబెట్టింది. ఆయనకి గోరంత దెబ్బ తగల్లేదు. ఈమె మాత్రం మళ్లీ లేవలేదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల పక్కకి జరిగిందన్నారు. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. ముప్పై ఏళ్లు తను తోసుకుంటూ తిరిగిన చక్రాల మంచం మీదే ఆమెని బయటికి తెచ్చారు.

ఆ రోజు నుంచి నిదానం బతుకు ఇలా ఉండేది. తెల్లవారకముందే లేచి, నీళ్లు కాచి, ఆమెని పక్కకి ఒత్తిగిల్లించి, ఒళ్లు తుడిచి, వంట చేసి, ఇద్దరికీ సర్ది, మందులు చేతికందేలా పెట్టి, తలుపు దగ్గరేసి షెడ్డుకొచ్చేవాడు. మధ్యాహ్నం పరుగున వెళ్లి మళ్లీ అంతా చేసేవాడు. సాయంత్రం మళ్లీ. రాత్రి ఆమె కదిలితే మెలకువ, కదలకపోతే భయంతో మెలకువ. వారం తిరిగేసరికి కళ్లు లోపలికి పోయాయి. చెంచా పట్టుకుని దేనికి పట్టుకున్నాడో మరిచిపోయి నిలబడేవాడు.

ఆమె పడుకునే పాఠాలు చెప్పేది. "వంగకు. మోకాళ్లు మడిచి కూర్చో. నా భుజం కింద చెయ్యి పెట్టు. ఊపిరి పీల్చి అప్పుడు లేపు. అబ్బా, నన్ను జాకీ పెట్టి ఎత్తుతున్నావా ఏంటి?"

"మంచం మరీ కిందకి ఉందే. నా నడుమూ పోయేలా ఉంది."

"వార్డులో మంచాలు నడుము ఎత్తున ఉంటాయి. దీని కాళ్ల కింద ఏమన్నా పెట్టు. ఇటుకలు పెట్టు."

ఇటుకలు అనేసరికి ఆయన ఆమె వంక ఎలా చూశాడంటే, ఆ నొప్పిలోనూ ఆమెకి నవ్వాగలేదు. ఆ సాయంత్రం షెడ్డులో ఉన్న నాలుగు అడ్డుచెక్కలూ తెచ్చాడు. గట్టి కర్ర. ఒక వైపు వాలుగా చెక్కినవి. వాటిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, మంచంకోడు జారకుండా ఒక్కో చెక్క మీద ఉలితో పల్లెంలా గుంట చెక్కి, మంచం కాళ్ల కింద అమర్చాడు. భుజం ఆనించి మంచాన్ని ఊపి చూశాడు. కదల్లేదు. కారు ఎలాగూ నాలుగు స్టాండ్ల మీదే ఉంది, చెక్కల అవసరం ఇప్పట్లో లేదు. అడితి పక్కనే ఉంది, రేపు కొత్తవి చేయించుకోవచ్చు అనుకున్నాడు. మర్నాడు ఆ సంగతే గుర్తులేదు. ఆ మర్నాడూ లేదు.

నాలుగో వారంలో ముందు చక్రాల పని పూర్తయింది. కొత్త బేరింగులు వేసి, కొత్త గ్రీజు పెట్టి, ముందు భాగాన్ని చక్రాల మీదకి దించారు. వేలితో తోస్తే తిరిగేలా ఉన్నాయి చక్రాలు. వెనక భాగం ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ఆ స్టాండ్లు ఇరుసు కింద ఉన్నాయి. ఇరుసు ఊడదీయాలంటే, వెనక భాగాన్ని ఒక్క క్షణం జాకీ మీదకి తీసుకుని, స్టాండ్లను ఇరుసు కింద నుంచి తీసి, కాస్త ముందుకి, చట్రం కిందకి మార్చాలి. చేతులు తిరిగినవాళ్లకి ఐదు నిమిషాల పని.

మధ్యాహ్నం మూడు దాటింది. అప్పుడే ఇంటి నుంచి వచ్చాడు నిదానం. తను తినలేదని దారిలో గుర్తొచ్చింది, మళ్లీ మరిచిపోయాడు.

"బావా, కాసేపు ఒరగరాదూ? నీ మొహం చూస్తే పీనుగ కూడా భయపడేలా ఉంది" అన్నాడు బావమరిది.

"ఇది మార్చేసి ఒరుగుతాను. కానీ."

జాకీ పెట్టాడు. కర్రముక్క పెట్టాడు. ఊడదీసిన వెనక చక్రాలు రెండూ బండి కింద ఉన్నాయో లేదో చూశాడు. ఉన్నాయి. లోపల హ్యాండ్‌బ్రేకు లాగి ఉందనీ చూశాడు. ఆ బ్రేకు పట్టేది వెనక చక్రాల్నే. అవి ఊడదీసి ఉన్నాయి, ఇరుసు గాల్లో ఉంది. ఇంజనూ గేర్లూ లేవు. ముందు చక్రాలకి అడ్డం పెట్టకపోతే ఆ కారుని ఆపేది ఈ లోకంలో ఏదీ లేదు. కొత్తగా పనిలో చేరిన పదహారేళ్లవాడికి కూడా ఈ మాట ఆయన బోర్డు మీద బొమ్మగీసి చెప్పేవాడు. ఆ రోజు మాత్రం ముందు చక్రాల వైపు ఆయన కళ్లు వెళ్లాయి గానీ అవి ఏం చూశాయో మనసుకి చెప్పలేదు.

బరువు జాకీ మీదకి వచ్చింది. బావమరిది పక్కకి పడుకుని ఎడం చేత్తో ఒక స్టాండు లాగి ముందుకి జరిపాడు. అది చట్రం అంచుకి తగిలింది. ఇంకాస్త దూరాలని అరచేత్తో ఒక్కటి కొట్టాడు. ఆ చిన్న తాకిడికి కారు ముందుకి నాలుగు వేళ్ల మేర, చప్పుడు లేకుండా, నూనె మీద జారినట్టు కదిలింది. జాకీ ఉన్నచోటే ఉంది. ఇరుసు జాకీ తల మీంచి జారింది.

బండి పడింది. కింద పడుకోబెట్టిన చక్రాల మీద పడి, ఒకసారి ఎగిరి, ఆగింది. వాడి ఒళ్లు బయటే ఉంది. ఎడం చెయ్యి లోపల ఉంది. ఒరిగిన స్టాండుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు ఇరుక్కున్నాయి.

వాడి కేక అడితిదాకా వినపడింది. "ఎత్తు! ఎత్తు బావా! ఎత్తు!"

నిదానం జాకీ వైపు పరిగెత్తలేదు. ముందు చక్రాల వైపు పరిగెత్తాడు. అక్కడ చెక్కల్లేవు. ఎందుకు లేవో అప్పుడు తెలిసింది ఆయనకి. గోడవార టింకరింగు ఇనప దిమ్మెలు ఉంటే రెండు చేతులా ఈడ్చుకొచ్చి చక్రాల ముందు తోశాడు. ఇంకో రెండు తెచ్చి వెనక తోశాడు. వెనక నుంచి వాడు అక్కా, అమ్మా, బావా అని అన్ని వరసలూ కలిపి తిడుతున్నాడు. అప్పుడొచ్చి జాకీ సరిచేసి, ఇరుసు మధ్య చూసి ఆనించి, పిడి కొట్టాడు. ఒక్కసారి. మళ్లీ ఒక్కసారి. చట్రం అరంగుళం లేచింది. వాడు చెయ్యి లాక్కున్నాడు.

చూపుడు వేలూ నడిమి వేలూ విరిగాయి. నడిమి వేలి గోరు లేదు. ఆసుపత్రిలో ఎముకలకి సన్నటి తీగలు గుచ్చి, మోచేతిదాకా కట్టు వేశారు.

దీపాలు పెట్టే వేళకి నిదానం ఇల్లు చేరాడు. చొక్కా మీద రక్తం. భార్య తల తిప్పి చూసింది. ముప్పై ఏళ్లు వార్డులో చేసిన మనిషి. అది ఎవరి రక్తమో, ఎంత రక్తమో, ఎంతసేపటి కిందటిదో అంచనా వేసుకుంది.

"ఎవరికి?"

"మీ తమ్ముడికి. చెయ్యి. రెండు వేళ్లు. ప్రాణానికేం లేదు. అక్కడే పడుకోబెట్టారు."

"బండి జారిందా?"

"ఊఁ."

"నువ్వు ఉండగానే?"

"నేనే ఎత్తాను."

"చెక్కలు పెట్టలేదా?"

ఆయన కళ్లు మంచం కాళ్ల మీదకి వెళ్లాయి. ఆమె అది గమనించింది. మంచం మీద ఎత్తుగా పడుకుని ఉన్న ఆమెకి ఆ చెక్కలు కనపడవు గానీ, తను దేని మీద పడుకుని ఉందో అర్థమైంది.

"దించు" అంది ఆమె. "మంచం దించు. అవి తీసుకుపో."

"నీకు నొప్పి..."

"దించమన్నానా!"

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కోడూ భుజం మీదకి తీసుకుని ఒక్కో చెక్కా తీశాడు. నాలుగో కోడు దించేటప్పుడు ఏడుపొచ్చింది. తల మంచం పట్టీకి ఆనించి ఏడ్చాడు. ఆమె చెయ్యి ఆయన తల మీద పడింది. "తిన్నావా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు షెడ్డు తెరవలేదు. డాక్టరమ్మ ఇంటికి వెళ్లాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, కారు ఇంకెవరికైనా అప్పజెప్పుకోమన్నాడు.

"నాకింక ఈ పని చేసే అర్హత లేదమ్మగారూ. ముప్పై ఎనిమిదేళ్లు అందరి చెవుల్లో పోరింది నేనే. వాడి మీద బండి పడేసిందీ నేనే."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఎన్నాళ్లయింది నువ్వు సరిగ్గా నిద్రపోయి?"

"నెల కావొస్తోంది."

"నేను ఒకసారి రెండు రోజులు వరసగా మేలుకున్నాక ఒక కాన్పుకి వెళ్లాను. మందు సీసా చేతిలోకి తీసుకున్నాను. చీటీ చదివాను. చదివాననే అనుకున్నాను. పక్కనున్న నర్సు 'అమ్మగారూ, అది కాదు' అంది. పెద్దది కూడా కాదు ఆ పిల్ల, పనిలో చేరి మూడు నెలలు. ఆ సీసా ఎక్కించి ఉంటే తల్లి దక్కేది కాదు." ఆవిడ అద్దాలు పెట్టుకుంది. "ఆ రోజు నుంచి మందు ముట్టుకునే ముందు నర్సు చేత నన్ను అడిగించుకునేదాన్ని. ఏం మందు, ఎంత, ఎవరికి. నేను పైకి జవాబు చెప్పాలి. నాకు తెలియక కాదు."

"మీకు అలాంటి నర్సు ఉంది. నాకెవరున్నారు?"

"ఉన్నాడుగా, వేళ్లు విరగ్గొట్టుకున్నవాడు. నెలరోజులు వాడికి వేరే పనేముంది?"

బావమరిది వారం తర్వాత కట్టుచేత్తో షెడ్డుకొచ్చాడు. బావతో మాట్లాడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పడినప్పుడు నలిగిన వెనక రేకు చూసి, తన పనే పాడైందని కళ్లు చిట్లించాడు. నిదానం డాక్టరమ్మ చెప్పిన మాట నీళ్లు నములుతూ చెప్పాడు. వాడు వినీ విననట్టు ఎత్తుపీట లాక్కుని కూర్చున్నాడు.

"సరే కానీ. ముందు చక్రాలు?"

"వాటికి ముందు రెండు, వెనక రెండు చెక్కలు పెట్టాను."

"చూపించు."

నిదానం వెళ్లి ఒక్కో చెక్కనీ కాలితో తన్ని చూపించాడు.

"హ్యాండ్‌బ్రేకు?"

"అది వెనక చక్రాలకి కదా. లెక్కలోకి రాదు."

"అబ్బో, తెలుసే నీకు!" అన్నాడు వాడు. ఆ మాటలో వెటకారం ఉంది, కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. నిదానం తల దించుకుని మిగిలిన ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. జాకీ ఎక్కడ, కర్ర ఉందా, కింద చక్రాలున్నాయా, స్టాండ్లు ఎక్కడికి మారతాయి, చెయ్యి ఎవరిది లోపలికి వెళ్తుంది. ఆ చివరి ప్రశ్న వాడు సొంతంగా చేర్చాడు. చెయ్యి ఎవరిదీ వెళ్లదు, పొడుగు కొక్కెంతో తోస్తాను అన్నాడు నిదానం. ఆ కొక్కెం ఆ వారంలోనే తయారుచేశాడు.

రోజులు గడిచేకొద్దీ వాడికి ఆ పీట మీద కూర్చోవడం బాగా అలవాటైంది. టీ కప్పు పట్టుకుని కాలు మీద కాలేసుకుని అడుగుతుంటే కోర్టులో జడ్జీలా ఉండేవాడు. కట్టు విప్పాక చూపుడు వేలు మామూలైంది. నడిమి వేలు మాత్రం వంగడం లేదు. చిన్న సుత్తితో రేకు అంచులు సరిచేసే పని అదివరకంత నున్నగా రావట్లేదు. ఒక్కోసారి చేసిందే మూడుసార్లు చేసి, సుత్తి అవతల గిరాటేసి బయటికి పోయేవాడు. నిదానం ఆ సుత్తి తీసి బల్ల మీద పెట్టేవాడు. క్షమించమని ఆయన ఎప్పుడూ అడగలేదు, క్షమించానని వాడూ ఎప్పుడూ అనలేదు. కలిసి పనిచేశారు, అంతే.

భార్య ఆరు వారాలకి కాదు, తొమ్మిది వారాలకి లేచింది. ఆసుపత్రిలో ఆమెని వార్డు నుంచి బట్టల గదికి మార్చారు. ఇప్పుడు దుప్పట్లు మడతపెడుతుంది. "బరువు లేదు గానీ, దుప్పటితో ఏం మాట్లాడతాం?" అంటుంది. రోగులు గుర్తొస్తుంటారు ఆమెకి.

పదమూడో నెలలో డాక్టరమ్మ కారు తయారైంది. మీగడరంగు వేశారు. ఒక ఉదయం ఆవిడ తన చెల్లెలి కూతుర్ని తీసుకుని వచ్చింది. ఎవరినీ సాయం పట్టనివ్వకుండా ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. చెల్లెలి కూతురు పక్క సీట్లో ఎక్కింది. ఇంజను పలికింది. మేమంతా గుమ్మాల్లోకి వచ్చి చూశాం. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా వెళ్లింది, తిప్పుకుని వచ్చింది. షెడ్డు ముందు ఆపి, ఇంజను కట్టేసి, కాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చుంది.

"ఎలా ఉందమ్మగారూ? బ్రేకు లాగుతోందా ఒక పక్కకి?" అడిగాడు నిదానం.

"బండికేం, బంగారంలా ఉంది. మలుపు దగ్గర సైకిలు మీద ఒకాయన వచ్చాడు. ఈ పిల్ల అరిచేదాకా నాకు కనపళ్లేదు." తాళంచెవి తీసి చెల్లెలి కూతురి చేతిలో పెట్టింది. "చాలు. ఇంక నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటాను."

దిగి, ఇటువైపు చుట్టి వచ్చి, పక్క సీట్లో కూర్చుంది. కారు వెళ్లిపోయింది. నిదానం అక్కడే నిలబడి, నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు, అవి శుభ్రంగానే ఉన్నా.

తర్వాత ఇంకో మూడు పాత కార్లు వచ్చాయి. మొన్నీమధ్య ఒకాయన పొడుగాటి నల్ల కారుని లారీ మీద తెచ్చాడు. ఎగువ ఊళ్లో ఎవరి గొడ్లచావిట్లోనో దొరికిందట. దించి, షెడ్డులోకి తోశారు. ఆయన చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు.

"ఇప్పుడే ఎత్తి చూడు మేస్త్రీ. కింద ఎంత కుళ్లిందో చూసుకుని పోతాను. ఇంతదూరం వచ్చాను కదా."

నిదానం బండి చుట్టూ తిరిగి చూశాడు. పీట మీంచి బావమరిది బావ మొహం చూస్తున్నాడు.

"ఇవాళ కాదండీ. రేపు రండి" అన్నాడు నిదానం.

"ఏం? గంట పని కూడా లేదు కదా!"

"పని గంటే. నాలోనే ఓపిక లేదు ఇవాళ."

వచ్చినాయన గొణుక్కున్నాడు. లారీ అద్దెకి తెచ్చానన్నాడు, ఇలాంటి మేస్త్రిని ఎక్కడా చూళ్లేదన్నాడు. నిదానం ఆయనకి టీ తెప్పించి, పంపించేసి, మూడున్నరకే తలుపు దించాడు. బావమరిది తాళం వేసి, ఒక్కసారి లాగి చూశాడు.

ఆ పూట భార్యకి డ్యూటీ లేదు. వాకిట్లో కూర్చుని చొక్కా గుండీ కుడుతోంది. ఆయన్ని చూసి సూది ఆపింది.

"ఏమయ్యా, ఇంత పెందలాడే వచ్చావు? ఏమైంది?"

"ఏం కాలేదు. అలసిపోయాను."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోటి నుంచి ఆమె విన్నది బహుశా అదే మొదలు. ఆమె గుండీ సంగతి వదిలేసి లోపలికి వెళ్లి దిండు సర్దింది. ఆయన కాళ్లు కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎండ ఇంకా కిటికీలో ఉంది. ఆమె తెర లాగేలోపే నిద్రపోయాడు.